టార్చ్‌కి గ్యాస్ రెగ్యులేటర్ కొంటున్నారా? గేజ్ ముల్లు ఆగుతుందో లేదో చూడండి

డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ షీటు వేయించేవాళ్లు, ఏసీ మెకానిక్‌లు, గ్యాస్ టార్చ్‌తో పని ఉన్న ఎవరైనా ఇది ఒకసారి చదవండి. ఆన్‌లైన్‌లో టార్చ్, పైపు, రెగ్యులేటర్ కలిపి సెట్‌గా అమ్ముతున్నారు. రేటు తక్కువ, స్టార్లు బాగానే ఉంటాయి. నేను తెప్పించిన సెట్‌లో టార్చ్‌కి వంక పెట్టడానికి లేదు. రెగ్యులేటర్ మాత్రం ప్రాణాల మీదకు తెచ్చే సరుకు.

విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ పని. 19 కిలోల కమర్షియల్ సిలిండర్‌కి బిగించి, రెగ్యులేటర్‌ని ఒక బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) దగ్గర పెట్టి మంట చూశాం, బాగుంది. షీటు చుట్ట పక్కకి జరపడానికి మేస్త్రి టార్చ్ వాల్వ్ కట్టేశాడు. రెగ్యులేటర్ నాబ్ ఎవరూ ముట్టుకోలేదు, అయినా గేజ్ మీద ముల్లు మెల్లగా పైకి పాకడం మొదలైంది. ఒకటిన్నర, రెండు, ఇంకా పైకి. "సార్, ఇది ఆగట్లేదు" అని అతనే ముందు గమనించాడు. వెంటనే సిలిండర్ కట్టేశాం. పైపులో మిగిలిన గ్యాస్ కాల్చేద్దామని టార్చ్ వెలిగిస్తే మంట మామూలు కంటే రెండింతలు దూకింది. ఎదురుగా మనిషి లేడు కాబట్టి సరిపోయింది.

రెగ్యులేటర్ లోపల ఒక స్ప్రింగు, ఒక రబ్బరు డయాఫ్రమ్ (పలచటి పొర), గ్యాస్ దారి మూసే చిన్న సీటు ఉంటాయి. టార్చ్ కట్టేయగానే ఆ సీటు పూర్తిగా మూసుకోవాలి. ముల్లు ఒక పిసరు పెరిగి ఆగితే కంగారు లేదు. పెరుగుతూనే ఉందంటే సీటు లీకవుతోందన్నమాట. అలా వదిలేస్తే సిలిండర్ ప్రెషర్ మొత్తం పైపు మీద పడుతుంది. అది ఎంతో తెలుసా? ఉత్త ప్రొపేన్ అయితే 20 డిగ్రీల దగ్గరే 7 బార్లు దాటుతుంది, 40 డిగ్రీల ఎండలో 12 దాటుతుంది. మన ఎల్పీజీలో బ్యూటేన్ కలుస్తుంది కాబట్టి అంతకంటే తగ్గుతుంది, కానీ నాసిరకం పైపు పగలడానికో క్లాంపు ఊడడానికో అది చాలు. పైగా ఎల్పీజీ గాలి కంటే బరువు. డాబా మీదే కదా, గాలికి పోతుందిలే అనుకోవద్దు. పిట్టగోడ వారన, మెట్ల మీదుగా కిందికి దిగుతుంది. బాత్రూమ్‌లో పని అయితే ఇంకా ఘోరం. గాలిలో దాదాపు 2 శాతం కలిసినా అంటుకుంటుంది.

అమ్మినవాళ్లకి వీడియో తీసి పంపాను. మొదట మీ సిలిండర్‌లోనే తేడా అన్నారు. అదే సిలిండర్ మీద మా పాత రెగ్యులేటర్ ముల్లు కదలకుండా నిలబడటం చూపిస్తే, సీలు తీశారు కాబట్టి వాపస్ కుదరదన్నారు. సీలు తీయకుండా గ్యాస్ వస్తువు ఎలా పరీక్షిస్తాం? 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపం ఉన్న సరుకు వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఆ మాట రాసి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. మీకూ ఇలా జరిగితే ఊరుకోవద్దు. వీడియో, బిల్లు దాచుకోండి.

ఇంకో మాట. ఈ గొడవంతా ఎందుకని వంటింటి రెగ్యులేటర్ తగిలించేవాళ్లు ఉన్నారు. అది ఇచ్చేది సుమారు 30 మిల్లీబార్లు, స్టవ్వుకి తగినంత. పెద్ద టార్చ్‌కి అది ఆనదు. ఆనట్లేదని దాన్ని విప్పి స్ప్రింగు కెలికేవాళ్లని, రెగ్యులేటరే తీసేసి డైరెక్టుగా తగిలించేవాళ్లని కళ్లారా చూశాను. దయచేసి ఆ పని చేయకండి, చేయనివ్వకండి. వంటింటి సిలిండర్‌ని ఇలాంటి పనులకి వాడటం చట్టరీత్యా కూడా తప్పే.

కొత్త రెగ్యులేటర్ తెస్తే ముందు ఆరుబయట, చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకుని, సిలిండర్ నిలువుగా పెట్టి బిగించండి. పడుకోబెడితే ద్రవం నేరుగా రెగ్యులేటర్‌లోకి వస్తుంది. టార్చ్ కట్టేసి కాసేపు ముల్లు మీదే కన్నుంచండి. తర్వాత జాయింట్లకి సబ్బు నీళ్లు రాయండి. రెగ్యులేటర్ మూత మీదుండే సన్నటి రంధ్రాన్ని మాత్రం మర్చిపోవద్దు. అక్కడ బుడగ వస్తే డయాఫ్రమ్ చిరిగినట్టే, ఇక రిపేరు అనే మాటే వద్దు. గ్యాస్ వాసన తగ్గకపోతే లైటు స్విచ్ కూడా ముట్టుకోకుండా దూరంగా వెళ్లి గ్యాస్ లీకు హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చేయండి.

ఐఎస్ఐ ముద్ర ఒక్కటీ చూసి నమ్మకండి. ముద్ర పైన ఐఎస్ నంబరు (ఏ ప్రమాణమో చెప్పేది), కింద లైసెన్స్ నంబరు ఉండాలి. ఆ లైసెన్స్ నంబరు, ఈ ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో కాదో తెలిసిపోతుంది. నాకొచ్చిన దాని మీద ముద్ర ఉంది, నంబర్లు రెండూ లేవు.

ఇదే సెట్ ఇప్పుడు వేరే పేర్లతో కూడా అమ్మకానికి కనిపిస్తోంది. గుర్తులు చెప్తాను: ఎర్ర ప్లాస్టిక్ నాబ్, తయారీదారు పేరు లేని గేజ్, నారింజ రంగు పలచటి పైపు, పైపు మీద ఏ అక్షరమూ ఉండదు. కనిపిస్తే కొనకండి. ఇప్పటికే కొన్నవాళ్లుంటే, ముల్లు పరీక్ష చేసేదాకా దాన్ని పనిలో పెట్టకండి.