హౌరా వంతెనను టాక్సీలో దాటకండి

ఫలక్‌నుమా దిగి హౌరా స్టేషన్ బయటికి రాగానే దళారులు చుట్టుముడతారు. వంతెన అవతల ఉన్న బడాబజార్‌కే ఒకడు 400 రూపాయలు చెప్పాడు. ఇవ్వకండి. సామాను ఎక్కువుంటే మెట్రో ఎక్కండి, నది అడుగున ఎస్ప్లనేడ్ దాకా టికెట్ 10 రూపాయలే. ‘వంతెన కనిపించే గది’ అంటూ అదనంగా 600 గుంజే లాడ్జి కూడా తగిలింది. కిటికీలోంచి కనిపించింది టవరు కొస మాత్రమే. శుద్ధ దండగ.

ముందు లాంచీ ఎక్కి కింది నుంచి చూడాలి. టికెట్ 6 రూపాయలు తీసుకున్నారు. నదిలో ఒక్క స్తంభం కూడా కనిపించదు. స్తంభాలు దింపితే ప్రవాహం మారి ఒండ్రు మేట వేస్తుందని ఇంజినీర్ల భయం. అంతకుముందు, 1874లో బ్రాడ్‌ఫోర్డ్ లెస్లీ కట్టించిన తేలే వంతెన ఉండేది. ఓడ వచ్చినప్పుడల్లా దాన్ని 200 అడుగుల మేర తెరవాల్సిందే. ఆ బాధలేవీ లేకుండా టవర్ల మధ్య 1,500 అడుగులు ఖాళీగా వదిలారు. రెండు వైపుల నుంచీ 468 అడుగుల చేతులు ముందుకు చాచి ఉంటాయి, మధ్యలో 564 అడుగుల భాగాన్ని అవి మోస్తాయి. చాచిన చేతులు ముందుకు ఒరగకుండా వెనక 325 అడుగుల లంగరు చేతులు పట్టి ఉంచుతాయి. రోడ్డు 39 జతల హ్యాంగర్లకు, అంటే పైనుంచి దిగిన ఉక్కు కమ్మీలకు, వేలాడుతోంది.

మధ్య భాగాన్ని రెండు ఒడ్ల నుంచీ కట్టుకుంటూ వచ్చారు. చివరి సందును ఒక్కొక్కటి 800 టన్నుల శక్తిగల 16 హైడ్రాలిక్ జాకీలతో మూసి కలిపారు. నట్లు, బోల్టులు వాడలేదు, అంతా రివెట్లే. 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు టాటాది. పునాది బావులు దింపుతుండగా ఒక రాత్రి అడుగున మట్టి జారి, ఆ బావి కట్టడం మొత్తం ఒక్కసారిగా రెండడుగులు దిగింది. నగరంలోనే ఖిదిర్‌పూర్‌లో భూకంపాలు కొలిచే యంత్రం దాన్ని భూకంపంగా నమోదు చేసింది. ఒడ్డున ఒక గుడి కూలితే తర్వాత మళ్లీ కట్టారు. 1943 ఫిబ్రవరి 3న రాకపోకలు మొదలయ్యాయి.

ఇంత కష్టపడి కట్టినదాన్ని ఉమ్మి తినేస్తోంది. కాలిబాట మీద హ్యాంగర్ల మొదళ్లు చూడండి, పాన్ మరకలే. హ్యాంగరు అడ్డదూలాన్ని కలిసే చోట నీరు దిగకుండా ఉక్కు తొడుగులు బిగించారు. 2007లో 6 మిల్లీమీటర్లున్న ఆ రేకు 2011 నాటికి 3 మిల్లీమీటర్ల లోపుకు అరిగిపోయింది. తొడుగు చిల్లుపడితే వాననీరు లోపలి కీలుకు చేరుతుంది, అక్కడ పట్టే తుప్పు పైకి కనిపించదు. చివరికి ఫైబర్‌గ్లాస్ కప్పాల్సి వచ్చింది. ఉమ్మే ప్రతి మనిషికీ ఈ లెక్క చెప్పాలనిపిస్తుంది.

నడకకు తెల్లవారుజామే మేలు. ఎనిమిది దాటితే మూటలు మోసే కూలీల వేగానికి దారివ్వడమే పని. వెంట వచ్చిన పెద్దవాళ్లు ఆ తోపులాటకు చిరాకుపడి, మల్లిక్ ఘాట్ పూలబజారు చేరాకగానీ మళ్లీ మాట్లాడలేదు. కోల్‌కతా వైపు కొసన కిందికి దిగితే ఆ బజారే. నేలంతా తడి, చీర కుచ్చిళ్లు జాగ్రత్త.