సోమశిల రేవు మర పడవ సేవ: దారిలో ఆగిపోయిన పడవకు తాడు అందించిన వారి గురించి

కొల్లాపూర్ దగ్గరి సోమశిల రేవు నుంచి కృష్ణలో తిప్పే మర పడవల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నల్లమల కొండలు, లలితా సోమేశ్వర ఆలయం, వానాకాలం తర్వాత నిండుగా కనిపించే నీరు, ఎండాకాలంలో బయటపడే సంగమేశ్వరం గుడి, ఇవన్నీ చూడదగినవే కనుక వాటిని మళ్లీ వర్ణించను. ఆ రేవులో ప్రయాణికులను తిప్పే ఒక చిన్న ప్రైవేటు పడవ సేవను నేను ఇక్కడ ఒకే ఒక విషయంలో పరీక్షించి చెప్పదలచుకున్నాను. నీటి మీద చిక్కుబడిపోయిన పరాయి పడవ కనిపించినప్పుడు వీళ్లు ఏం చేస్తారన్నదే ఆ విషయం.

ఈ పరీక్ష ఎందుకంటే, సోమశిల దగ్గర మనం చూసేది పారే నది కాదు, శ్రీశైలం జలాశయపు వెనుక నీరు. పూర్తి నీటిమట్టం 885 అడుగులకు చేరువైనప్పుడు నీరు లోయల్లోకి, వాగుల్లోకి ఎగబాకి ఎంతో దూరం పరుచుకుంటుంది. ఒడ్డున చాలాచోట్ల అడవే తప్ప దారి ఉండదు, కొండ మలుపుల్లో ఫోన్ సిగ్నల్ అందదు. 112కు ఫోన్ చేయగలిగినా, రోడ్డు మీద వచ్చే వాహనం నీటి నడుమకు రాలేదు. అందువల్ల ఇంజను ఆగిపోయిన పడవకు దిక్కయ్యేది ఆ దారిన పోయే మరో పడవ మాత్రమే. ప్రతి పడవవాడూ ఎవరో ఒకరు వస్తారులే అనుకుని సాగిపోతే ఇక ఎవరూ రారు. పడవలో ఎన్ని లైఫ్ జాకెట్లు ఉన్నాయో అడిగి తెలుసుకుంటున్న మనం, ఈ సంగతి కూడా అడిగి తెలుసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

సేవ సంగతులు క్లుప్తంగా చెబుతాను. ఛార్జీ ఎంతో ఎక్కకముందే చెప్పారు, దిగిన తర్వాత అదనంగా ఏమీ అడగలేదు. లైఫ్ జాకెట్ వేసుకోనివారిని ఎక్కనివ్వలేదు. పడవ నడిపే పెద్దాయన ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి పట్టీలు లాగి చూసి బిగించారు. సీట్లు మామూలుగా ఉన్నాయి, పైకప్పు ఎండను బాగానే ఆపుతుంది, ఇంజను చప్పుడు మాత్రం పక్కవారితో మాట్లాడనివ్వదు.

రేవు దాటిన కొద్దిసేపటికే నాకు నచ్చిన మొదటి లక్షణం కనిపించింది. ముందు కొన్ని పుట్టుల్లో మత్స్యకారులు వలలు తీసుకుంటున్నారు. పుట్టి గుండ్రంగా, తేలికగా ఉంటుంది, అడుగున బరువు ఉండదు. మర పడవ వేగంగా పక్కనుంచి పోతే దాని వెనుక లేచే అల పుట్టిని పక్కకు ఒరగబెడుతుంది. వల లాగుతూ నిలబడ్డ మనిషి అప్పుడు నీళ్లలో పడవచ్చు. పెద్దాయన చాలా దూరం నుంచే ఇంజను తగ్గించి, వలల బెండ్లు ఎటు వరకు ఉన్నాయో చూసుకుని, చుట్టు తిరిగి నెమ్మదిగా దాటించారు. పుట్టిలోని ఒకాయన చెయ్యెత్తి పలకరించారు, ఈయన కూడా చెయ్యెత్తారు. ఆపదలో ఆదుకోవడం గురించి మాట్లాడేటప్పుడు మనం తాళ్లను, గజ ఈతగాళ్లను తలుచుకుంటాం గాని, అవతలివారిని ఆపదలోకి నెట్టకుండా పోవడం దానికంటే ముందు నేర్చుకోవలసిన మర్యాద.

అసలు సంఘటన తిరుగు ప్రయాణంలో జరిగింది. మధ్యాహ్నం దాటాక పడమటి గాలి లేచి నీళ్ల మీద అలలు మొదలయ్యాయి. ఎడమ వైపు, కొండ అంచుకు దగ్గరగా, ఒక చిన్న మర పడవ అడ్డం తిరిగి ఉంది. అందులో ఒక కుటుంబం ఉంది, వారిలో ఒక ముసలమ్మ, పిల్లలు కూడా ఉన్నారు. ఒకాయన నిలబడి తువ్వాలు ఊపుతున్నాడు. మాకంటే ముందు విహార యాత్రికులతో నిండిన ఒక పడవ వాళ్ల పక్కగానే పోయింది. అందులోనివారు ఆ తువ్వాలును పలకరింపు అనుకుని, తామూ ఉత్సాహంగా చేతులు ఊపి, ఫోన్లలో ఫొటోలు తీసుకుంటూ వెళ్లిపోయారు. ప్రయాణికులకు తెలియకపోవడం అర్థం చేసుకోదగినదే. పడవ నడిపేవారికి మాత్రం, గాలికి అడ్డంగా పడి ఉండి, ఇంజను చప్పుడు లేని పడవను చూడగానే సంగతి తెలిసి తీరాలి. ఆ పడవ ఎవరిదో ఇక్కడ రాయడం నా ఉద్దేశం కాదు, కాని ఆ నిర్లక్ష్యాన్ని చిన్న విషయంగా చూడలేను.

మా పెద్దాయన వేగం తగ్గించి, నేరుగా వాళ్ల మీదికి పోకుండా దూరంగా మళ్లి, గాలికి ఎదురుగా పడవ ముక్కు తిప్పి దగ్గరికి చేర్చారు. అలా వస్తే పడవ నడిపేవారి చెప్పుచేతల్లో ఉంటుంది, గాలి తోసి అవతలి పడవను గుద్దించే ప్రమాదం తగ్గుతుంది. ఆయన వేసిన మొదటి ప్రశ్న ఇంజను గురించి కాదు.

“అందరు మంచిగున్నరా? నీళ్లల్ల ఎవరన్న పడ్డరా?”

“ఎవరు పడలేదన్నా. వల తాడు చుట్టుకున్నది, ఇంజను తిరుగుత లేదు.”

“భయపడకుండ్రి. ముందుగాల పిల్లలకు జాకెట్లు తొడగుండ్రి, మా దగ్గర ఉన్నయి, ఇస్త.”

మా పడవలో అదనంగా ఉన్న జాకెట్లను సహాయకుడిగా ఉన్న యువకుడు ఒక్కొక్కటిగా అందించాడు. జాకెట్లు అందరికీ చేరేదాకా తాడు ఊసు ఎత్తలేదు. ఈ లోపు మావాళ్లు సగం మంది చూడడానికి లేచి అటువైపు వంగబోయారు. పెద్దాయన గట్టిగానే కూర్చోమన్నారు, అది ఎంతో అవసరమైన మాట. జనమంతా ఒక పక్కకు చేరితే సహాయం చేయడానికి వచ్చిన పడవే ఒరిగిపోతుంది. ఆ కుటుంబాన్ని మా పడవలోకి ఎక్కించుకోమని కొందరు జాలితో అడిగారు. మా పడవ అప్పటికే నిండుగా ఉందనీ, వాళ్ల పడవలోకి నీరేమీ రావడం లేదు కనుక వాళ్లను అందులోనే ఉంచి లాగడం మేలనీ ఆయన చెప్పారు. అలల మీద ఊగుతున్న రెండు పడవల మధ్య ముసలమ్మను, పిల్లలను దాటించడం, వాళ్లను స్థిరంగా కూర్చోబెట్టి లాగడం కంటే ఎక్కువ ప్రమాదకరం. పడవకు చిల్లు పడి నీరెక్కుతుంటే లెక్క మారుతుంది, అప్పుడు మనుషులను దించుకోవడమే మొదటి పని.

తాడును ఆ పడవ ముక్కు దగ్గరి కొయ్యకు కట్టించారు. పక్కకో వెనక్కో కడితే లాగినప్పుడు పడవ అడ్డం తిరిగి బోల్తా పడవచ్చు. తాడు పొడవుగా వదిలారు, ఎందుకంటే పొట్టి తాడుతో లాగితే ప్రతి అలకూ కుదుపు తగిలి తాడైనా తెగుతుంది, కొయ్యైనా ఊడుతుంది. బిగిసిన తాడు తెగితే కొరడాలా వెనక్కి వచ్చి కొడుతుంది కనుక, రెండు పడవల్లోనూ తాడుకు సూటిగా ఎవరూ కూర్చోకుండా జరిపారు. ఆ తర్వాతే ఇంజనుకు కొద్దికొద్దిగా వేగం ఇచ్చారు. యువకుడు దారి పొడుగునా వెనక్కి తిరిగి లాగుతున్న పడవను చూస్తూనే ఉన్నాడు. అవసరమైతే తాడు కోయడానికి కత్తి అతని పక్కనే ఉంది.

మాలో ఒకరికి ఆలస్యం నచ్చలేదు. డబ్బు కట్టినవాళ్ల సమయం ఇలా వృథా చేయడం ఏమిటని అడిగారు. పెద్దాయన కోపగించుకోలేదు. “సారూ, ఓ అరగంట లేటయితది, తప్పదు. వీళ్లను గాలి ఆ రాళ్ల దిక్కు కొట్టుకపోతున్నది,” అని చేతితో చూపించారు. నిజంగానే కొండ అంచున నీటిలోంచి రాళ్లు, ఎండిన చెట్ల మోళ్లు తేలి ఉన్నాయి. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. ఈ సేవకు నేను ఎక్కువ మార్కులు వేయడానికి కారణం ఆ జవాబే. తన ప్రయాణికుడిని కించపరచకుండా, తన నిర్ణయం మార్చుకోకుండా, కారణం కళ్లకు చూపించి పని కొనసాగించారు.

రేవుకు చేరాక ఆ కుటుంబ పెద్ద డబ్బు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. సముద్రయానంలో దీనికి రాతపూర్వకమైన నియమాలు ఉన్నాయి. సముద్రంలో ప్రాణాపాయంలో ఉన్నవారికి, తన ఓడకు, సిబ్బందికి, ప్రయాణికులకు తీవ్ర ప్రమాదం లేని మేరకు, ప్రతి నౌకాధికారీ సహాయం చేసేలా దేశాలు చూడాలని 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 98వ అధికరణం చెబుతుంది. 1912లో టైటానిక్ మునిగిన తర్వాత 1914లో మొదటిసారి కుదిరిన సముద్ర ప్రాణరక్షణ ఒప్పందం, ఇప్పుడు అమలులో ఉన్న 1974 నాటి రూపంలో కూడా, ఆపద సమాచారం అందిన ఓడ సాధ్యమైనంత వేగంగా సహాయానికి వెళ్లాలని శాసిస్తుంది. ఓడను, సరుకును కాపాడినవారికి ప్రతిఫలం పొందే హక్కును గుర్తించిన 1989 నాటి ఒప్పందం సైతం, ప్రాణాలు దక్కించుకున్న మనుషుల నుంచి ఏ రుసుమూ రాబట్టకూడదన్నది. ఆ పుస్తకాలేవీ చూడకుండానే సోమశిల పెద్దాయన అదే హద్దు పాటించారు. ఆగిపోయిన పడవ యజమాని మరునాడు పెద్దాయనకు తాడుకో డీజిలుకో ఏదైనా ఇస్తే అది వాళ్లిద్దరి మధ్య సంగతి. ఒడ్డుకు చేరిన కుటుంబం దగ్గర చెయ్యి చాపడం వేరు.

ఈ నీటికి పడవ ప్రమాదాలు కొత్త కాదు. 2007 జనవరిలో ఇక్కడికి దగ్గరలోనే, మంచాలకట్ట వైపు వస్తున్న పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. అవతలి ఒడ్డుకు పడవే దగ్గరి దారి కావడం వల్లనే జనం అలా కిక్కిరిసి ప్రయాణించేవారు. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెనకు 2022లో కేంద్రం ఆమోదం తెలిపినా, పడవల అవసరం ఇంకా తీరలేదు. గోదావరిలో 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర విహార పడవ మునిగినప్పుడు, ప్రభుత్వ బృందాలు చేరడానికి ముందే, చుట్టుపక్కల గ్రామస్థులు తమ చిన్న పడవల్లో వెళ్లి 20 మందికి పైగా ప్రాణాలతో ఒడ్డుకు చేర్చారు. ఏ పెద్ద ప్రమాదంలో చూసినా మొదట చేరేది దగ్గరలో ఉన్న పడవే.

లోపాలు కూడా చెప్పాలి. పిల్లల కొలతకు సరిపోయే జాకెట్లు ఈ పడవలో తక్కువ. ఆ రోజు ఆ కుటుంబంలోని చిన్నపిల్లకు పెద్దవారి జాకెట్ తొడిగి, జారిపోకుండా తువ్వాలుతో కట్టవలసి వచ్చింది. ఈలలు కొన్ని జాకెట్లకే ఉన్నాయి. గాలిలో అరుపు వినబడదు, ఈల వినబడుతుంది కనుక ఇది ఖర్చు లేని దిద్దుబాటు. లాగడానికి వాడిన తాడు ఒక్కటే ఉంది, అది తెగి ఉంటే లంగరు తాడు విప్పవలసి వచ్చేది. మరో తాడును పొడిగా, చిక్కులు పడకుండా చుట్టి ఉంచుకోవాలని పెద్దాయనకు చెప్పాను, ఆయన ఒప్పుకున్నారు.

ఎక్కేముందు చెప్పే జాగ్రత్తల్లో ఇంకొకటి చేర్చితే బాగుంటుంది. రెండు చేతులనూ పక్కలకు చాచి, నెమ్మదిగా పైకీ కిందికీ పదేపదే ఆడించడం 1972 నాటి అంతర్జాతీయ నౌకాయాన నిబంధనల్లో ఆపద సంకేతంగా నమోదై ఉంది. ఒక చెయ్యి ఊపితే పలకరింపు, రెండు చేతులూ ఇలా ఆడిస్తే సహాయం కావాలని అర్థం. ఇది ప్రయాణికులకు చెప్పడానికి నిమిషం కూడా పట్టదు. తువ్వాలు ఊపినాయనకూ, ముందు వెళ్లిన పడవలోని వారికీ ఇది తెలిసి ఉంటే, ఆ ప్రయాణికుల్లో ఒక్కరైనా తమ డ్రైవర్‌ను ఆపమని అడిగి ఉండేవారు.

వెళ్లదలచినవారు ఉదయపు ప్రయాణం ఎంచుకోవడం మంచిది, మధ్యాహ్నం తర్వాత గాలి పెరుగుతుంది. తిరిగి కొల్లాపూర్ నుంచి బస్సు అందుకోవలసి ఉంటే మధ్యలో గంటైనా వెసులుబాటు ఉంచుకోండి. రేవులో ఏ పడవ మాట్లాడుకున్నా, దారిలో ఎవరిదైనా ఇంజను ఆగి కనిపిస్తే ఆపుతారా, పొడవైన తాడు ఉందా అని ముందే అడగండి. ఈ పడవవారైతే ఆపుతామనే చెబుతారు, తాడు ఎక్కడ పెట్టారో తీసి చూపిస్తారు.