జంబూ ఫ్రూట్ డవ్ జోడీ కొంటున్నవాళ్లు ముందు ఇది చదవండి
నేను కొన్న జంబూ జోడీలో (పండ్లు తినే రంగుల పావురాలు ఇవి) చిన్నది ఇవాళ పొద్దున చనిపోయింది. చేతులు ఇంకా వణుకుతున్నాయి, అయినా ఇప్పుడే రాస్తున్నాను, ఎందుకంటే నాకు అమ్మినాయన దగ్గర ఇంకో రెండు జోడీలు అమ్మకానికి ఉన్నాయి. ఫ్రూట్ డవ్‌లు పెంచేవాళ్లకి ఆయనెవరో చెప్పక్కర్లేదు. జంబూలు కావాలని ఎవరినడిగినా ముందు ఆయన పేరే చెబుతారు, నాకూ అలాగే చెప్పారు.

ఆయన పంపిన వీడియోలో పెట్ట గూటి మీద కూర్చుని ఉంది, ముఖం ఊదా రంగులో. "రెండుసార్లు పిల్లల్ని లేపింది అన్నా, కళ్లు మూసుకుని తీసుకో" అన్నాడు. మొత్తం డబ్బు ముందే పంపేశాను.

బాక్స్ తెరిస్తే పోతు బాగానే ఉంది, ఎర్రటి ముఖం, తెల్లటి రొమ్ము మీద గులాబీ మచ్చ. పెట్ట అని పంపినదాని ముఖం మాత్రం ఆకుపచ్చగా ఉంది. ఫోన్ చేస్తే "ఈకలు మారుస్తోంది అన్నా, రంగు అదే వస్తుంది" అన్నాడు. నేను ఆగాల్సింది ఇక్కడే. జంబూ పెట్ట ముఖం ఊదాగా ఉంటుందనీ, పచ్చగా ఉంటే అది పిల్లపక్షి అనీ నాకు తెలుసు. కుర్ర పోతుకి గూడు వదిలాక పూర్తి రంగు రావడానికి 39 వారాల దాకా పడుతుందని కూడా తెలుసు. పెద్దదాని రంగే రాని పక్షి రెండుసార్లు పిల్లల్ని ఎలా లేపింది? ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఇవాళ అది బతికి ఉండేది. అడగకుండా రెండింటినీ ఒకే ఏవియరీలో, అంటే పక్షులు ఎగిరేంత పెద్ద వల గదిలో, వదిలేశాను.

మొదటి వారం నుంచే పెద్ద పోతు తరమడం మొదలుపెట్టింది. జోడీ కలుస్తోందేమో అనుకున్నాను. పండ్ల ముక్కల గిన్నె దగ్గరికి రానివ్వలేదు, అవతలి మూలన ఇంకో గిన్నె పెడితే అక్కడికీ వెళ్లి తరిమింది. ఒకరోజు చిన్నదాని ముక్కు చుట్టూ రెండు మూడు ఎర్ర ఈకలు కనిపించాయి. గుండె జారిపోయింది. ఈకలు డీఎన్ఏ టెస్ట్‌కి పంపాను కానీ, రిపోర్ట్ వచ్చేదాకా ఆగకుండా అప్పుడే మధ్యలో మెష్ కట్టి విడదీయాల్సింది. రెండూ పోతులేనని నిన్న తేలింది. సాయంత్రం విడదీశాను, అప్పటికే ఆలస్యమైంది. పొద్దున చేతిలోకి తీసుకుంటే పైకప్పు వలకి కొట్టుకున్న తల మీద చర్మం చీలి ఉంది, రొమ్ము ఎముక కత్తి అంచులా వేలికి తగిలింది. కాలి రింగు అప్పుడు సరిగ్గా చూశాను. అతుకు ఉంది. గూట్లో ఉన్న కొద్ది రోజుల పిల్లకి మాత్రమే పట్టే, అతుకు లేని రింగు కాదు అది, తర్వాతెప్పుడో విప్పి నొక్కిన రింగు.

ఫోన్ చేశాను. "రెండూ పోతులే, చిన్నది చచ్చిపోయింది" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, వెనక ఆయన పక్షుల కూతలు వినిపిస్తున్నాయి. తర్వాత, "పెంచడం రానివాడివి ఎందుకు కొన్నావు? చచ్చింది నీ దగ్గర, నా దగ్గర కాదు" అన్నాడు. అంతవరకూ ప్రతి మాటకీ అన్నా అన్నా అన్న మనిషి. డబ్బు సంగతి నేనింకా ఎత్తనే లేదు. వీడియోలో ఉన్న పెట్ట ఎక్కడ అని అడిగేలోపు పెట్టేశాడు, మళ్లీ చేస్తే నంబర్ బ్లాక్ అయి ఉంది. విడతకి ఒక గుడ్డు, ఎప్పుడైనా రెండు పెట్టే పక్షి ఇది. అడవుల్లో తగ్గిపోతోందని, ముప్పులో ఉన్న జాతుల జాబితా తయారుచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ముప్పుకు దగ్గర్లో ఉన్న జాతుల్లో చేర్చింది. ఎవరి జోడీయో కష్టపడి పెంచిన ఆ ఒక్క పిల్లని పెట్ట అని చెప్పి నాకు అంటగట్టాడు.

కొనేవాళ్లకి రెండు ముక్కలు. పగటి వెలుతురులో ముఖం, రింగు నంబర్ రెండూ ఒకే షాట్‌లో కనిపించే వీడియో అడగండి. డీఎన్ఏ రిపోర్ట్‌లో అదే రింగు నంబర్ ఉందో లేదో చూశాకే డబ్బు పంపండి. వచ్చిన పక్షుల్ని వెంటనే కలపొద్దు, మధ్యలో మెష్ ఉండాలి. ఆయనకి ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లుంటే, పక్షి బాక్స్‌లోకి ఎక్కకముందే ఆపించండి.