మల్ దీవిలో డూఆర్ట్ కోట: పగ-పెళ్ళి నవలలు చదివేవాళ్ళకి

గ్లాస్గోలో ఉంటున్నందుకు నాకు తరచుగా వచ్చే ఫోన్ ఒకటే: "మేం స్కాట్లండ్ వస్తున్నాం, ఏం చూడమంటావ్?" అడిగేవాళ్ళు హైలాండ్ రొమాన్సుల బాపతు అయితే నేను ఆలోచించకుండా డూఆర్ట్ పేరు చెప్తాను. అవే, రెండు క్లాన్లకి, అంటే వంశాలకి, తరాల నాటి పగ, వీళ్ళబ్బాయి వాళ్ళమ్మాయిని ఎత్తుకొచ్చేస్తాడు, సగం పుస్తకం అయ్యేసరికి ఇద్దరూ ఒకరికోసం ఒకరు ప్రాణాలిచ్చేస్తుంటారు, ఆ రకం. డూఆర్ట్ పెద్ద కోటేం కాదు. ఎడిన్‌బరో కోట చూసి వచ్చిన కళ్ళకి ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ నవలల్లోని సరుకంతా ఇక్కడుంది. ఎత్తుకుపోవడాలు, శత్రువుల ఇంటికి కోడలుగా వెళ్ళడాలు, నిండు విందులో గుట్టు బయటపడటాలు, అన్నీ. చివర్లో ముద్దు సీను ఒక్కటే దొరకదు.

నేను మొదటిసారి వెళ్ళింది ఒక టూర్ కంపెనీ బస్సులో, పేరు ఎందుకులెండి. "క్లాన్ల ప్రేమకథలు" అని రంగురంగుల కాగితం మీద వేసి అమ్మారు. పొద్దున్నే ఎక్కించుకుని, దారంతా మైకులో పాటలు పెట్టి, సముద్రం మధ్యలో అసలు చూడాల్సిన రాయి వచ్చేసరికి మమ్మల్నందర్నీ ఫెర్రీ కెఫేలో కాఫీల లైన్లో నిలబెట్టారు. కోటలో గంట కూడా ఇవ్వలేదు. గైడ్ ఆ రాయి కథని ఎలా చెప్పాడంటే, భర్తకి ఇంకో అమ్మాయి మీద మనసు పడింది పాపం, ఏం చేస్తాడు, అన్నట్టు. పెళ్ళాన్ని పోటెక్కే రాయి మీద వదిలేసి వచ్చిన మనిషి మీద బస్సంతా జాలిపడింది! ఆ టూర్‌కి నేనిచ్చేది ఒక్క స్టార్, అది కూడా డ్రైవరు బాగా నడిపాడని.

తర్వాత మా అత్తగారు వచ్చినప్పుడు మేమే వెళ్ళాం. అలాగే వెళ్ళండి. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ స్టేషన్ నుంచి ఓబన్‌కి రైలు మూడు గంటల పైమాటే, కానీ కిటికీ పక్క సీటు దొరికితే టైమే తెలీదు. ఓబన్‌లో స్టేషన్ దిగితే ఫెర్రీ పక్కనే. కాల్‌మాక్ వాళ్ళ ఓడలో మల్ దీవి రేవు క్రెయిగ్‌న్యూర్‌కి సుమారు 50 నిమిషాలు. అక్కణ్ణుంచి కోట మూడు మైళ్ళ పైచిలుకు. సీజన్లో ఫెర్రీ టైముకి బస్సు ఉందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే టాక్సీ చెప్పుకోవాలి. చలికాలం కోట మూసేస్తారు.

ఫెర్రీలో మాత్రం కెఫేలో కూర్చోకండి, డెక్ మీదకి రండి. లిస్మోర్ దీవి కొసన తెల్లటి లైట్‌హౌస్ కనిపిస్తుంది, 1833 నాటిది. దానికి అవతల నీళ్ళలో ఒక నల్లటి రాతిమెట్ట, మీద చిన్న గుర్తుస్తంభం. అదే లేడీస్ రాక్. పోటు ఉంటే రాయి దాదాపు కనపడదు, స్తంభమే మిగులుతుంది. మేం వెళ్ళినప్పుడు పోటు తగ్గింది, రాయంతా నాచు పట్టి ఒక గడ్డివాము అంత ఉంది, అంచుల్లో తెల్లగా నురగ. మనిషి కూర్చోడానికి చోటుంది. నిలబడటం కష్టం, జారిపోతుంది.

కథ ఇదీ. 1500ల మొదట్లో డూఆర్ట్ చీఫ్ లాక్లన్ మక్లేన్. అతని భార్య ఆర్గైల్ ప్రభువు చెల్లెలు, క్యాంబెల్ ఆడపడుచు. ఆవిడ పేరు కొందరు కేథరిన్ అంటారు, కొందరు ఎలిజబెత్ అంటారు. పేరు కూడా సరిగ్గా మిగల్లేదన్నమాట. మక్లేన్లకీ క్యాంబెల్లకీ పొసగదు, అందుకే ఆ పెళ్ళి. పెళ్ళి పొసగలేదు. వారసుడు లేడని కొందరు, విషం పెట్టబోయిందని కొందరు, కారణాలు చెప్పేవాళ్ళని బట్టి మారతాయి. ఒక రాత్రి ఆటు సమయంలో పడవలో తీసుకెళ్ళి ఆ రాయి మీద వదిలేసి వచ్చాడు. తెల్లారి చూస్తే రాయి లేదు, మనిషి లేదు. వెంటనే బావమరిదికి కబురంపాడు, మీ చెల్లెలు పోయిందని, గుండెలు బాదుకుంటూ. దినానికి ఆర్గైల్ వాళ్ళింటికి వెళ్ళి భోజనాల హాల్లో అడుగు పెడితే, బల్ల చివర ఆవిడే కూర్చుని ఉంది. దారినపోయే పడవవాళ్ళు రాత్రే తీసుకొచ్చేశారు. తమాషా ఏంటంటే ఆ పూట ఎవ్వరూ ఒక్క మాట అనలేదట. అతను తిన్నాడు, లేచి ఇంటికెళ్ళిపోయాడు.

ఈ రాయి సంగతి జనం నోట్లో నడిచిన కథ, కొంత కలిసి ఉంటుంది. ముగింపు మాత్రం చరిత్రలోదే: 1523లో ఎడిన్‌బరోలో లాక్లన్‌ని పడకలోనే పొడిచి చంపారు. చంపింది ఆవిడ అన్న సర్ జాన్ క్యాంబెల్, కాడర్ కోట యజమాని.

ఇక్కడ నేను ఆగిపోతాను, ఎందుకంటే ఆ జాన్ క్యాంబెల్‌కి కాడర్ ఎలా వచ్చిందో తెలిస్తే మీరూ ఆగిపోతారు. కాడర్ వారసురాలు మ్యూరియెల్ అనే పసిపిల్ల, 1498లో పుట్టింది, తండ్రి అప్పటికే లేడు. 1499లో అప్పటి ఆర్గైల్ ప్రభువు, అంటే ఈ జాన్ తండ్రి, మనుషుల్ని పంపి ఆ పిల్లని ఎత్తుకొచ్చేశాడు, కొడుక్కి ఇచ్చి చేద్దామని. రేపు పిల్లని మార్చేస్తారేమో అని ఆడవాళ్ళు ముందే గుర్తు పెట్టారట; దాది చిటికెనవేలి కొస కొరికేసిందని చెప్తారు. దారిలో పిల్ల బంధువులు తరుముకొస్తే, ఎత్తుకొచ్చేవాళ్ళ నాయకుడు ఒక బాన బోర్లించి, పిల్ల దానికిందే ఉందన్నట్టు తన కొడుకుల్ని చుట్టూ కాపలా పెట్టి, పిల్లతో ముందుకెళ్ళిపోయాడట. ఆ ఖాళీ బాన కోసం కొడుకులు ఏడుగురూ చచ్చారని కథ. ఇంత నష్టపోయి తెచ్చాక ఈ పిల్ల చచ్చిపోతేనో అని ఎవరో అడిగితే, క్యాంబెల్ల 'లోక్ ఆ' అనే సరస్సు ఒడ్డున ఎర్రజుట్టు పిల్ల ఒక్కతి దొరికినంతకాలం ఈ పిల్లకి చావు లేదని జవాబొచ్చిందట. 1510లో, పన్నెండేళ్ళకి, ఆర్గైల్ కొడుకు జాన్‌తో పెళ్ళి చేశారు. అంటే చెల్లెల్ని రాయి మీద వదిలినందుకు బావని చంపిన అన్న, పాలుతాగే పిల్లని ఎత్తుకొచ్చి చేసిన పెళ్ళిలో పెళ్ళికొడుకు. ఒకే మనిషి. ఏ రొమాన్సు రచయిత్రీ ఇలా రాయదు, ఎడిటర్ ఒప్పుకోడు.

మా అత్తగారిది కారంపూడి. కార్తీకంలో వీరుల ఉత్సవాలకి పలనాటి కథ వింటూ పెరిగిన మనిషి. నేను డెక్ మీద ఇదంతా చెప్తే ఆవిడేం ఆశ్చర్యపోలేదు. "మన అలరాజూ అంతేగా అమ్మాయ్. నలగామరాజు సొంత అల్లుడు, రాయబారానికొస్తే విషం పెట్టించారు. పేరిందేవి గతేమైంది?" అంది. పులిహోర డబ్బా మూత తీస్తూ ఇంకోటి కూడా అడిగింది: "ఆవిణ్ణి పడవలో తెచ్చారు సరే, తర్వాత ఎట్లా బతికింది?" ఎక్కడా సరిగ్గా చెప్పరత్తయ్యా, అన్నాను. "చెప్పరు" అని నాకో ముద్ద పెట్టింది.

ఇక కోట. కొండకొమ్మున, సముద్రానికి ముఖం పెట్టి, ఫెర్రీలో వస్తుంటేనే కనిపిస్తుంది. బయటి గోడలు 13వ శతాబ్దం నాటివి. గోడల మందం ఎంతో కిటికీల దగ్గర తెలుస్తుంది, కిటికీ గూట్లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఈ కోట మక్లేన్లకి దక్కడం కూడా పెళ్ళితోనే. దీవుల ప్రభువు జాన్ మక్‌డొనాల్డ్ కూతురు మేరీని పాత లాక్లన్ ఒకడు (ఈ వంశంలో లాక్లన్లకి కొదవలేదు) చేసుకున్నాడు. ఇద్దరూ చుట్టాలు కాబట్టి 1367లో పోపు అనుమతి తెచ్చుకున్నారు. ఆ పెళ్ళితో డూఆర్ట్ వచ్చిందంటారు. పిల్లనివ్వమని అడగడానికి లాక్లన్ చేసిన పనేంటంటే, కాబోయే మామగారినే ఎత్తుకుపోవడం! మిగతావాళ్ళు పిల్లని ఎత్తుకుపోతారు, ఈయన నేరుగా మూలానికే వెళ్ళాడు. నాకు ఇతని మీద కొంచెం అభిమానం ఉంది.

లోపల నేలమాళిగలో స్పెయిన్ సైనికాధికారుల బొమ్మలు ఖైదీల్లా కూర్చోబెట్టారు. 1588లో స్పెయిన్ యుద్ధనౌకల దండు ఆర్మడాలోని ఓడ ఒకటి ఇదే దీవిలో టోబర్‌మరీ దగ్గర పేలిపోయింది, దానికి సంబంధించింది. బొమ్మలు కాస్త పాతకాలపు ఎగ్జిబిషన్ టైపు, కానీ ఆ చీకట్లో పిల్లలు నిజంగానే జడుసుకుంటారు. పైన విందుల హాలు, సముద్రం వైపు గది, పడకగది. అన్నిటికంటే పైన, గోడల మీద నడిచే దారి. గాలికి నా చున్నీ తలకి చుట్టుకోవాల్సి వచ్చింది. అక్కణ్ణుంచి చూస్తే జలసంధి, లిస్మోర్, ఆ రాయి. కోటలోంచి ఆ రాయి కనిపిస్తుందని నాకు అక్కడికెళ్ళేదాకా తట్టలేదు. ఆ రాత్రి ఈ గోడల మీద ఎవరైనా కాపలా ఉండి ఉంటారు కదా. ఈ ఒక్క చోటు కోసం టికెట్ డబ్బు గిట్టుబాటే.

కిల్టుల సంగతి ఒకటి చెప్పాలి. నవలల అట్టల మీద చొక్కా లేకుండా, మోకాళ్ళ పైదాకా గళ్ళ కిల్టుతో నిలబడే హీరో ఉంటాడు చూడండి, 1523లో అతను లేడు. ఆ పొట్టి కిల్టు 18వ శతాబ్దంలో వచ్చింది. ఈ క్లాన్‌కి ఈ గళ్ళు అని వరసపెట్టి లెక్కకట్టడం ఇంకా తర్వాత, ముఖ్యంగా 1822లో బ్రిటన్ రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరో వచ్చిన హడావిడి నుంచి. మన లాక్లన్ కాలంలో పసుపురంగు పొడుగు చొక్కాలు. అట్ట మీద పసుపు చొక్కా వేస్తే పుస్తకాలు అమ్ముడుపోవేమో. ఇంత తెలిసీ షాపులో ఎర్ర గళ్ళ స్కార్ఫు కొన్నాను, బాగుంది మరి.

పగ చివరికి ఎలా తీరిందో కూడా నవలలకి పనికిరాదు. మక్లేన్లు అప్పుల పాలయ్యారు. 17వ శతాబ్దంలో ఆర్గైల్ వాళ్ళు ఆ బాకీ పత్రాలన్నీ తమ చేతికి తెచ్చుకున్నారు, తర్వాత సైన్యం తెచ్చారు, 1691లో మక్లేన్లు కోట అప్పగించేశారు. 1751 తర్వాత అందులో కాపలా ఉన్న సిపాయిలు కూడా ఖాళీ చేసేశారు, పైకప్పు కూలింది. మళ్ళీ 1911లో 26వ చీఫ్ సర్ ఫిట్జ్‌రాయ్ మక్లేన్ శిథిలాన్ని కొని బాగు చేయించాడు. అప్పటికి ఆయన వయసు డెబ్బై అయిదు దాటింది. అందరూ ఈ వయసులో ఇదెందుకు అనే ఉంటారు. ఆయన 101 ఏళ్ళు బతికి, బాగుచేసిన ఇంట్లో హాయిగా ఉన్నాడు. గళ్ళ కిల్టు హీరోలందరి కంటే ఈ ముసలాయన ఫొటో ముందే నేను ఎక్కువసేపు నిలబడ్డాను.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి హెచ్చరిక: లోపల మెట్లు సన్నవి, చుట్లు తిరిగే రకం, పైదాకా ఎక్కకపోతే సగం పోయినట్టే. మా అత్తగారు మధ్యలో ఆగుతూ ఎక్కేసింది గానీ దిగేటప్పుడు గోడ పట్టుకునే దిగింది. సముద్రపు గాలికీ వానకీ కోటకి మరమ్మతులు ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉన్నాయి. మీరు వెళ్ళినప్పుడు ఏదో ఒక గోడకి పరంజా ఉండొచ్చు, ఫొటోలు పాడయ్యాయని గొణుక్కోకండి. టీ రూమ్‌లో శాకాహారులకి సూపు, స్కోన్‌లు సరిపోతాయి. కారం లేకపోతే ముద్ద దిగని వాళ్ళు మాలాగే డబ్బా కట్టుకోండి.

కోటకి అయిదుకి నాలుగున్నర. ఆ అర మ్యూరియెల్ గురించి ఇక్కడ ఎక్కడో ఒక మూల రాసిపెడితే ఇస్తాను. కాడర్ వేరే కోటే, ఆమె వంశంవాళ్ళ చేతిలోనే ఉంది, ఇన్వర్నెస్ వైపు వెళ్తే అది విడిగా చూడండి. మా అత్తగారు మూడే ఇచ్చింది. మెట్లకి ఒకటి తగ్గించింది, "ఆవిడ పేరు కూడా సరిగ్గా రాసుకోలేదు" అని ఇంకోటి. టీ రూమ్‌లో కిటికీ పక్క బల్ల దొరికితే లేవబుద్ధి కాదు, తిరుగు ఫెర్రీ టైము ముందే ఫోన్‌లో అలారం పెట్టుకుని కూర్చోండి. అది తప్పితే ఓబన్‌లో ఆఖరి రైలు కూడా తప్పుతుంది.