ఫోన్ క్లీనర్ యాప్‌కు డబ్బు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

"స్టోరేజ్ నిండిపోయింది" అని ఫోన్ చూపించగానే ఏదో ఒక క్లీనర్ యాప్ వేసుకుని, దాని ప్రీమియం కొనేద్దాం అనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను కొన్నాను. డబ్బు పోయింది. అది సంపాదించుకోవచ్చు. కానీ మా నాన్న వాయిస్ నోట్స్ పోయాయి. ఆయన ఇప్పుడు లేరు. జరిగింది జరిగినట్టు చెప్తాను. నేను ఎక్కడెక్కడ ఆగాల్సిందో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

నాది 64 జీబీ ఫోన్. అందులో కొంత ఆండ్రాయిడ్‌కే పోతుంది, మిగిలింది నాలుగేళ్లలో నిండిపోయింది. ఒకరోజు కెమెరా తెరిస్తే చోటు లేదంటూ ఫొటో తీయనివ్వలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఏదో వీడియో మధ్యలో ఒక ప్రకటన వచ్చింది. మీ ఫోన్‌లో చెత్త పేరుకుపోయింది, ఒక్కసారి నొక్కితే చాలు, అంతా శుభ్రం అని. నొక్కితే ప్లే స్టోర్‌కే తీసుకెళ్లింది. రేటింగ్ కూడా బాగానే ఉంది. ప్లే స్టోర్‌లో ఉందంటే ఫరవాలేదులే అనుకుని వేసేసుకున్నాను.

తెరవగానే ఒక చక్రం గిర్రున తిరిగింది. అంకెలు గబగబా పెరిగి 9.6 జీబీ దగ్గర ఆగాయి, ఎర్ర రంగులో. కింద పెద్ద బటన్, ఇప్పుడే శుభ్రం చేయండి అని. ఆ బటన్ నొక్కాక అప్పుడు అడిగింది, మీ ఫైళ్లు చూడటానికి అనుమతి ఇవ్వండి అని.

మొదట నేను ఆగాల్సింది అక్కడే. నా ఫైళ్లు చూసే అనుమతి దానికి అప్పటికి లేనే లేదు. మరి 9.6 జీబీ చెత్త ఉందని ఎలా లెక్కపెట్టింది? ఆ అంకె నా ఫోన్‌లోంచి వచ్చింది కాదు, నన్ను భయపెట్టడానికి వేసిన బొమ్మ. మీరు వేసుకున్న యాప్ కూడా అనుమతి అడగకముందే ఇన్ని జీబీల చెత్త ఉందని చూపిస్తే, ఇంకేమీ ఆలోచించకుండా తీసేయండి.

ఆ తర్వాత వరసగా అనుమతులు అడిగింది. అన్ని ఫైళ్లకు యాక్సెస్, నోటిఫికేషన్లు, వేరే యాప్‌ల మీద కనిపించే అనుమతి, చివరికి యాక్సెసిబిలిటీ. ఫోన్ నిండిపోయిన టెన్షన్‌లో అన్నిటికీ సరే సరే అంటూ పోయాను. ఇందులో యాక్సెసిబిలిటీ గురించి గట్టిగా చెప్పాలి. అది చూపు లేనివాళ్లకూ, చేతులతో ఫోన్ వాడటం కష్టమయ్యేవాళ్లకూ సాయపడే యాప్‌ల కోసం పెట్టిన ఏర్పాటు. ఆ అనుమతి ఉన్న యాప్ స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మన బదులు బటన్లు నొక్కగలదు. బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే దొంగ యాప్‌లు వెతుక్కునే అనుమతి కూడా ఇదే. చెత్త ఊడ్చే యాప్‌కు అంత అధికారం ఇవ్వాల్సిన పని లేదు.

డబ్బు కట్టే పేజీలో "3 రోజులు ఉచితం" అని పెద్ద అక్షరాలు. దాని కింద బూడిద రంగులో, చదవాలంటే ఫోన్ కళ్ల దగ్గర పెట్టుకోవాల్సినంత చిన్నగా, ఆ తర్వాత ప్రతి వారం ఇంత అని ఉంది. నెలకు కాదు, వారానికి. పేజీ మూసే గుర్తు వెంటనే కనిపించలేదు, కాసేపయ్యాక మూలలో లీలగా వచ్చింది. మూడు రోజులు వాడుకుని తీసేద్దాంలే అనుకుని ఒప్పుకున్నాను.

ఇక శుభ్రం చేయడం మొదలైంది. వాట్సాప్ చెత్త, పాత ఆడియో, ఒకేలా ఉన్న ఫొటోలు అంటూ నాలుగైదు వరసలు, ప్రతిదానికీ ముందే టిక్ పెట్టి ఉంది. ఫైళ్ల పేర్లు లేవు, పక్కన ఎంబీల లెక్క మాత్రమే ఉంది. వరస చివర ఉన్న చిన్న బాణం నొక్కితే లోపల ఏమున్నాయో కనిపించేవట. నేను నొక్కలేదు. చెత్త అని రాసి ఉంటే చెత్తే అనుకున్నాను.

చక్రం మళ్లీ తిరిగి, 9.6 జీబీ ఖాళీ అయిందని రంగు కాగితాలు ఎగిరే బొమ్మ చూపించింది. అప్పుడే ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే నిజంగా పెరిగిన ఖాళీ 1.9 జీబీ. మర్నాడు పొద్దున యాప్ తెరిస్తే ఇంకో 7 జీబీ చెత్త ఉందంది.

అసలు సంగతి తర్వాత వారం రోజులకు గానీ తెలియలేదు. ఒక రాత్రి నాన్న గుర్తొచ్చి ఆయన చాట్ తెరిచాను. ఆయనకు టైప్ చేయడం ఇష్టం ఉండేది కాదు, ఏదైనా వాయిస్‌లోనే చెప్పేవారు. ఒకటి నొక్కాను, మోగలేదు. ఇంకొకటి నొక్కాను. ఆ ఫైల్ ఫోన్‌లో లేదు, పంపినవారిని మళ్లీ పంపమని అడగండి అని వచ్చింది. ఆ మాట చదివి ఎంతసేపు అలాగే కూర్చుండిపోయానో నాకే తెలియదు.

మర్నాడు ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి చూశాను. వాట్సాప్ వాయిస్ నోట్స్‌కు ఒక ఫోల్డర్ ఉంటుంది, అందులో వారానికొకటి చొప్పున 202231, 202232 అంటూ సంవత్సరం, వారం అంకెలతో చిన్న ఫోల్డర్లు. వాటి లోపల ఓపస్ అనే రకం ఆడియో ఫైళ్లు ఉండాలి. ఏ ఫోల్డర్ తెరిచినా ఖాళీ. ఆ యాప్ "పాత ఆడియో" అన్నది వీటినే. ఒక నిమిషం వాయిస్ నోట్ ఒక ఎంబీలో పావు వంతు కూడా ఉండదు. నాన్న పంపినవన్నీ కలిపినా 4కే వీడియో ఒక్క నిమిషం తీస్తే పట్టే చోటంత ఉండవు. వాటిని చెరిపి నా ఫోన్‌లో ఖాళీ చేసిందేమీ లేదు.

గూగుల్ డ్రైవ్‌లో వాట్సాప్ బ్యాకప్ ఉంటుంది కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అదే ఆశ. చూస్తే, ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఎప్పుడో నిండిపోయి, బ్యాకప్ నెలల కిందటే ఆగిపోయింది. ఆ హెచ్చరిక వచ్చినప్పుడల్లా తర్వాత చూద్దామని పక్కకు తోసింది నేనే. ఫోన్‌లోనే రోజూ రాత్రి పడే బ్యాకప్‌లో రాసిన మెసేజ్‌లు ఉంటాయి గానీ ఫొటోలు, ఆడియోలు ఉండవు. రీసైకిల్ బిన్‌లోనూ లేవు. గ్యాలరీలో మనం చెరిపితే ఫొటో 30 రోజులు బిన్‌లో ఉంటుంది. అన్ని ఫైళ్లకు యాక్సెస్ ఉన్న యాప్ నేరుగా చెరిపితే బిన్‌కు వెళ్లకుండానే పోతుంది.

అప్పుడు ఇంకో తప్పు చేయబోయాను. పోయిన ఫైళ్లు తిరిగి తెస్తామనే యాప్‌లు ఉంటాయి కదా, ఒకటి వేశాను. వందల ఫొటోలు దొరికాయని చూపించింది, తీసుకోవాలంటే డబ్బు కట్టమంది. ఒకదాన్ని పెద్దది చేసి చూస్తే గళ్లు గళ్లుగా ఉంది. అవి పోయిన ఫొటోలు కావు, గ్యాలరీ వేగంగా చూపించడానికి దాచుకునే తపాలా బిళ్లంత నకళ్లు. ఈ కాలపు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫైళ్లు తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. చెరిపాక ఆ తాళం చెవి కూడా పోతుంది. అందుకని బిన్‌లోనూ బ్యాకప్‌లోనూ లేని ఫైల్‌ను మామూలు యాప్ ఏదీ వెనక్కి తేలేదు. మీకూ ఇలా జరిగి ఉంటే దయచేసి ఈ రెండో గోతిలో పడకండి.

ఇంతకీ ఈ క్లీనర్లు ఏం శుభ్రం చేస్తాయి? ఇది తెలుసుకున్నాకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఫోన్‌లో నిజంగా చెత్త అనదగ్గది క్యాష్ (cache), అంటే యాప్‌లు వేగంగా తెరుచుకోవడానికి దాచుకునే తాత్కాలిక ఫైళ్లు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచీ, బయటి యాప్ తనంతట తాను వేరే యాప్‌ల క్యాష్ చెరపడానికి వీల్లేకుండా గూగుల్ కట్టడి చేసింది. ఈ యాప్‌లు యాక్సెసిబిలిటీ అడిగేది అందుకే, మన బదులు సెట్టింగ్స్‌లోకి వెళ్లి బటన్లు నొక్కడానికి. ఆ పని మనమే చేసుకోవచ్చు. ఇక వాటి చేతికి సులువుగా అందేవి మన సొంత ఫైళ్లే. ఫొటోలు, ఆడియోలు, డౌన్‌లోడ్‌లు. వాటికి చెత్త అని పేరు పెట్టి చెరిపితే తప్ప చూపించడానికి వాటి దగ్గర ఏమీ లేదు. వీటిలో ఉండే ర్యామ్ బూస్టర్, అంటే వెనక తెరిచి ఉన్న యాప్‌లను ఆపేసి ఫోన్ వేగం పెంచుతామనేది, మరీ అన్యాయం. ఆపిన యాప్‌లను మళ్లీ మొదటినుంచి తెరవడానికి బ్యాటరీ ఖర్చవుతుంది, స్టోరేజ్‌కు ర్యామ్‌తో సంబంధమే లేదు.

డబ్బు సంగతి. మూడో రోజే యాప్ తీసేశాను, దాంతో అయిపోయిందనుకున్నాను. అవలేదు. యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు! ఐదు వారాలు కట్ అయ్యాక గానీ నేను గమనించలేదు. ప్లే స్టోర్‌లో పైన మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి, అక్కడ క్యాన్సిల్ చేస్తేనే ఆగుతుంది. కొన్న 48 గంటల లోపు అయితే గూగుల్ ప్లేలోనే రీఫండ్ అడగవచ్చు, ఆ తర్వాత యాప్ చేసినవాళ్లనే అడుక్కోవాలి. నేను మూడు మెయిల్స్ పెట్టాను. మూడింటికీ ఒకటే జవాబు, నిబంధనలకు మీరు ఒప్పుకున్నారు అని. పోయిన ఫైళ్ల గురించి ఒక్క ముక్క లేదు.

మరి ఫోన్ ఖాళీ ఎలా అయింది? నయాపైసా కట్టకుండా, ఒక సాయంత్రంలో 14 జీబీ ఖాళీ చేశాను. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి, యాప్‌లను సైజు ప్రకారం చూశాను. ఎప్పుడో ప్రయాణం కోసం ఒక వీడియో యాప్‌లో దింపుకున్న సినిమాలు అలాగే ఉన్నాయి, అవే 5 జీబీ. టెలిగ్రామ్ అంతకు కాస్త తక్కువ. అందులో డేటా అండ్ స్టోరేజ్‌లోకి వెళ్లి క్యాష్ చెరిపితే మామూలు చాట్‌లలో ఉన్నవి ఎక్కడికీ పోవు, వాళ్ల సర్వర్ నుంచి మళ్లీ దింపుకోవచ్చు. వాట్సాప్‌లో మేనేజ్ స్టోరేజ్ అని ఉంటుంది. 5 ఎంబీ కన్నా పెద్దవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి విడిగా చూపిస్తుంది. ఒక్కొక్కటీ కంటితో చూసి చెరపవచ్చు. ఫార్వర్డ్ వీడియోలు చెరిపేటప్పటికే నా ఫోన్ ఊపిరి పీల్చుకుంది. డౌన్‌లోడ్స్‌లో ఒకే పీడీఎఫ్ చివర 1, 2, 3 అంకెలతో నాలుగు సార్లు దిగి ఉంది.

చెరిపినా ఖాళీ పెరగలేదంటే కంగారు పడకండి. బిన్‌లో ఉన్నంతకాలం ఆ చోటు నిండే ఉంటుంది, చూసుకుని బిన్ ఖాళీ చేయాలి. ఇదంతా ఒకచోట చూపించే యాప్ కావాలంటే గూగుల్ వాళ్ల ఫైల్స్ యాప్ ఉంది, ఉచితం. చాలా ఫోన్లలో ముందే ఉంటుంది.

రెండు చోట్ల మాత్రం చెయ్యి తొందరపడకూడదు. యాప్ వివరాల్లో క్లియర్ క్యాష్ పక్కనే క్లియర్ డేటా లేదా క్లియర్ స్టోరేజ్ ఉంటుంది. మొదటిది ఇబ్బంది లేదు, రెండోది నొక్కితే ఆ యాప్‌ను అప్పుడే కొత్తగా వేసుకున్నట్టు అవుతుంది, ఫోన్‌లో అది దాచుకున్నదంతా పోతుంది. ఇక గూగుల్ ఫొటోస్‌లో ఫ్రీ అప్ స్పేస్ అనేది వేరు, డిలీట్ వేరు. మొదటిది బ్యాకప్ అయిన వాటినే ఫోన్‌లోంచి తీస్తుంది. బ్యాకప్ అయిన ఫొటోను మామూలుగా డిలీట్ చేస్తే ఫోన్‌లోంచీ క్లౌడ్‌లోంచీ కూడా పోతుంది, 60 రోజులు బిన్‌లో ఉండి ఆపైన పూర్తిగా.

ఇప్పటికే ఇలాంటి యాప్ మీ ఫోన్‌లో ఉంటే, ముందు సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ చేయండి. తర్వాత యాక్సెసిబిలిటీ ఆపేసి, అప్పుడు యాప్ తీసేయండి. అమ్మానాన్నల ఫోన్లు కూడా ఒకసారి తీసి చూడండి, ఇలాంటి ప్రకటనలు నమ్మి నొక్కేవాళ్లలో వాళ్లు ఎక్కువ. మీకు కావలసినవాళ్ల గొంతులు వాట్సాప్‌లో ఉంటే ఈ రోజే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. ఆండ్రాయిడ్ 11, ఆపై వెర్షన్లు ఉన్న ఫోన్లలో అవి ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్‌లో మీడియా, అందులో వాట్సాప్ పేరుతో ఉన్న దాని లోపల ఉంటాయి. వాయిస్ నోట్స్ ఫోల్డర్ మొత్తం లాగి పెట్టుకుంటే చాలు, పది నిమిషాల పని.

నాన్న ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టిన వాయిస్ నోట్స్ చెల్లి ఫోన్‌లో ఉన్నాయేమోనని అడిగాను. వెతికి పదకొండు పంపింది. నాకు విడిగా పంపినవి ఒక్కటీ లేవు. ఆ పదకొండూ ఇప్పుడు కంప్యూటర్‌లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టాను.