తెలుగు చదవాలి, గేమ్ ఆడాలి: 1440పీ మేలా, 4కే మేలా?

నేను కొత్త మానిటర్ తెచ్చుకున్న దగ్గర్నుంచి మా అపార్ట్‌మెంట్ కుర్రాళ్ళదీ, వైజాగ్ మధురవాడ ఆఫీసుల్లో పనిచేసే స్నేహితులదీ ఒకటే ప్రశ్న. "అన్నా, రిజల్యూషన్ ఎంత పెట్టుకోవాలి? ఎక్కువ పెడితే అక్షరాలు చీమల్లా ఉంటున్నాయి, తగ్గిస్తే అంతా మసక." ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి విసుగొచ్చింది, అందుకే ఇక్కడ రాసేస్తున్నా.

ముందుగా, విండోస్‌లో డిస్‌ప్లే రిజల్యూషన్ జోలికి పోకండి. పక్కన 'రికమెండెడ్' అని ఏది ఉంటే అదే ఉంచేయండి. ప్యానెల్‌లో పిక్సెళ్ళు (బొమ్మని తయారుచేసే బుల్లి గడులు) ఎన్నున్నాయో అన్నే ఉంటాయి, సెట్టింగ్ మార్చినంత మాత్రాన అవి పెరగవు, తరగవు. 1440పీ (2560 బై 1440 పిక్సెళ్ళ) మానిటర్‌ని 1080పీలో (1920 బై 1080) నడిపితే ఒక్కో పిక్సెల్‌ని 1.33 పిక్సెళ్ళ మీద పరవాలి, అది కుదరని లెక్క కాబట్టి అంచులన్నీ అలుక్కుపోతాయి. అక్షరాలు పెద్దవి కావాలంటే దాని పైనే ఉన్న 'స్కేల్' మార్చుకోవాలి. గేమ్ స్పీడు కావాలంటే ఆ గేమ్ సెట్టింగ్స్‌లోనే తేల్చుకోవాలి. ఈ మూడింటినీ కలిపేసుకోవడం వల్లే సగం గొడవ.

ఇక ఏ మానిటర్ అన్నది. యూట్యూబ్ రివ్యూల్లో అందరూ గేములో సెకనుకి ఎన్ని ఫ్రేములు (బొమ్మలు) వస్తాయో లెక్కపెడతారు కానీ, మనం రోజంతా చదివేది తెలుగు అని ఎవరికీ పట్టదు. ఇంగ్లిష్ అక్షరాలు ఒక వరసలో నిలబడతాయి. మనకి పైన గుడి, మధ్యలో అక్షరం, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. 9 పాయింట్ల ఫాంటుకి 100 శాతం స్కేల్‌లో దక్కేది 12 పిక్సెళ్ళ ఎత్తు. 'స్త్రీ' మొత్తం ఆ కొంచెం జాగాలోనే సర్దుకోవాలి. 'ధ'కీ 'థ'కీ ఉన్న తేడా కడుపులోని ఒక్క చుక్క, ఆ చుక్కకి దొరికేది మహా అయితే ఒక పిక్సెల్. కథ అని రాశారో కధ అని రాశారో తెలియక ముక్కు స్క్రీన్‌కి ఆనించి చూడాల్సి వస్తోందంటే అది కళ్ళజోడు తప్పు కాకపోవచ్చు. అదే 150 శాతం స్కేల్‌లో ఆ ఫాంటుకి 18 పిక్సెళ్ళు దొరుకుతాయి, చుక్క చుక్కలా, వత్తు వత్తులా కనిపిస్తుంది. విండోస్ 8 నుంచి వస్తున్న నిర్మలా యూఐ ఫాంటు మంచిదే, దానికి కావాల్సినన్ని పిక్సెళ్ళు ఇవ్వాలంతే.

ఈ లెక్కన 27 అంగుళాల 1080పీ నేనైతే ఊరికే ఇచ్చినా తీసుకోను. అంగుళానికి 82 పిక్సెళ్ళు కూడా రావు. ద్వారకానగర్‌లో ఏ షాపుకెళ్ళినా "సార్, పెద్ద స్క్రీన్, తక్కువ రేటు" అని ముందు దాన్నే చూపిస్తారు. బడ్జెట్ అంతే అయితే 24 అంగుళాల 1080పీ నయం, అంగుళానికి 92 వస్తాయి, చిన్న గ్రాఫిక్స్ కార్డు మీద కూడా గేములు హాయిగా నడుస్తాయి.

అసలు పోటీ 27 అంగుళాల్లోనే 1440పీకీ 4కేకీ (3840 బై 2160) మధ్య. మొదటిదానికి అంగుళానికి 109 పిక్సెళ్ళు, రెండోదానికి 163. 1440పీని 100 శాతంలో వాడితే జాగా బోలెడు, అక్షరాలు మాత్రం చిన్నవి. 125 శాతం చేస్తే చదవడానికి బాగుంటుంది, కానీ పనిచేసుకునే జాగా 2048 బై 1152కి పడిపోతుంది. 4కేని 150 శాతంలో పెడితే సరిగ్గా 1440పీకి ఉన్నంత జాగానే ఉంటుంది, అక్షరం సైజూ అంతే, ఒక్కో అక్షరానికి పిక్సెళ్ళు మాత్రం రెండింతల పైన. నేను 4కే వైపు మొగ్గింది ఇందుకే, దాచుకోవడానికేం లేదు.

"మరి గేమ్?" అంటారు. నిజమే, 4కే అంటే 83 లక్షల పిక్సెళ్ళు, 1440పీకి 37 లక్షలే, మామూలు కార్డు చేతులెత్తేస్తుంది. కానీ ఇప్పుడు గేముని పూర్తి 4కేలో గీయించాల్సిన పని లేదు. గేమ్ సెట్టింగ్స్‌లో ఉండే డీఎల్‌ఎస్‌ఎస్ గానీ ఎఫ్‌ఎస్‌ఆర్ గానీ (తక్కువ పిక్సెళ్ళతో గీసి పెద్దది చేసే పద్ధతులు) 'క్వాలిటీ'లో పెడితే లోపల గీసేది 1440పీనే, దాన్ని 4కేకి పెంచి చూపిస్తుంది. 'పెర్ఫార్మెన్స్'లో అయితే లోపల 1080పీ. మెనూలు, మ్యాపు మీది అక్షరాలు సాధారణంగా అసలు రిజల్యూషన్‌లోనే ఉంటాయి కాబట్టి చదవడానికి ఇబ్బంది లేదు. పెంచే పనికి కొంత ఖర్చవుతుంది, కాబట్టి నేరుగా 1440పీలో వచ్చినన్ని ఫ్రేములు రావు, ఆ మాత్రం ఒప్పుకోవాలి. డీఎల్‌ఎస్‌ఎస్‌కి ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డు ఉండాలి, ఎఫ్‌ఎస్‌ఆర్ 2 అయితే వేరే కార్డుల మీదా నడుస్తుంది. ఈ రెండూ లేని పాత గేముకి 4కేలో ఇంకో దారుంది. 1080పీ పెట్టి, గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఇంటీజర్ స్కేలింగ్ ఆన్ చేస్తే ఒక పిక్సెల్ సరిగ్గా నాలుగు అవుతుంది, మసక ఉండదు. 1440పీ ప్యానెల్ మీద 1080పీకి ఈ సౌకర్యం లేదు.

అయితే సాయంత్రమైతే వాలరెంటో కౌంటర్ స్ట్రైకో తప్ప ఇంకోటి ఆడని తమ్ముళ్ళకి నేను చెప్పేది వేరు, 1440పీ తీసుకోండి. సాధారణంగా అదే డబ్బుకి ఎక్కువ హెర్ట్జ్ (సెకనుకి స్క్రీన్ ఎన్నిసార్లు మారుతుందన్నది) దొరుకుతుంది, మీకు కావాల్సిందీ అదే. ఎలాగూ మీలో కొందరు 1280 బై 960 పెట్టి సాగదీసి ఆడతారు, మీకు అందం గురించి చెప్పడం నా తెలివితక్కువతనం.

4కేతో తలనొప్పులు లేవని కాదు. కేబుల్ చూసుకోండి. హెచ్‌డీఎమ్‌ఐ 1.4 పోర్టున్న పాత ల్యాప్‌టాప్ 4కేని 30 హెర్ట్జ్ దగ్గరే ఆపేస్తుంది, మౌస్ ఈడ్చుకుంటూ నడుస్తుంది, మానిటర్ పాడైందని కంగారు పడతారు. 60 కావాలంటే 2.0 అయినా ఉండాలి. ఇంకోటి, పెళ్ళికార్డులు, కరపత్రాలు చేసే డీటీపీ వాళ్ళు. 2001 నాటి పేజ్‌మేకర్ 7 అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో అను తెలుగు ఫాంట్లతో ఇప్పటికీ పని నడిపిస్తున్నవాళ్ళు మన ఊళ్ళో ఉన్నారు. దానికి స్కేలింగ్ గొడవ తెలీదు, విండోస్ దాన్ని బొమ్మలా సాగదీస్తుంది, మసకగా కనిపిస్తుంది. ఆ ప్రోగ్రామ్ ప్రోపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్ళి హై డీపీఐ దగ్గర 'అప్లికేషన్' అని పెడితే స్పష్టంగా వస్తుంది, కానీ మెనూలు సూక్ష్మరూపం దాలుస్తాయి. అదే మీ బతుకుతెరువైతే 24 అంగుళాల 1080పీయే సుఖం.

టీవీని మానిటర్‌గా వాడొచ్చా అంటే, పీసీ మోడ్‌లో 4:4:4 రంగు (ప్రతి పిక్సెల్‌కీ దాని రంగు విడిగా) వచ్చేదైతే సరే, లేకపోతే ఎర్ర అక్షరాల అంచులు కారిపోయినట్టుంటాయి. ఓలెడ్ గేములకి అద్భుతం, అయితే కొన్ని ప్యానెళ్ళలో సబ్‌పిక్సెళ్ళ (ఒక్కో పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కల) అమరిక వేరు కాబట్టి అక్షరాల చుట్టూ రంగు చార కనిపిస్తుంది. బాగా వెడల్పుండే అల్ట్రావైడ్ మానిటర్ బల్ల మీద జాగా ఉన్నవాళ్ళకి.

షాపులో డెమో వీడియో చూసి మురిసిపోకండి, ఏదైనా తెలుగు పేపర్ సైట్ తెరవమనండి, మీరు కూర్చునే దూరంలో నిలబడి చదవండి. సముద్రం వైపు కిటికీ ఉన్న ఇళ్ళవాళ్ళు మాట్ స్క్రీనే తీసుకోండి, పొద్దున్నే ఎండ నేరుగా లోపలికొస్తే గ్లాసీ స్క్రీన్‌లో మీ మొహమే కనిపిస్తుంది. ఇంటికి తెచ్చాక స్టార్ట్ మెనూలో క్లియర్‌టైప్ (అక్షరాల అంచుల్ని నునుపుచేసే విండోస్ సదుపాయం) అని కొట్టి, అది చూపించే నమూనాల్లో మీ కంటికి నచ్చినవి ఎంచుకోండి. రెండు నిమిషాల పని, 1080పీ వాళ్ళకైతే మరీ అవసరం.