చేతికి కఫ్, గుండెకు కాపు: ఆర్‌ఐపీసీకి ఏ పరికరం పనికొస్తుంది?

పెద్ద ఆపరేషన్‌కు ముందు జబ్బకు కఫ్ కట్టి, బీపీ కొలిచే లెక్కలో (మి.మీ. పాదరసం) 200 దాకా గాలి ఎక్కిస్తారు. 5 నిమిషాలు రక్తం ఆపి, 5 నిమిషాలు వదిలేస్తారు. ఇలా మూడు నాలుగు సార్లు, ఒక్కోసారిని ఒక సైకిల్ అంటారు. దూరాన ఉన్న గుండె, కిడ్నీలు ఆ కబురందుకుని రాబోయే దెబ్బకు సిద్ధపడతాయన్నది రిమోట్ ఇస్కీమిక్ ప్రీకండిషనింగ్ వెనకున్న లెక్క. ఆపరేషన్ థియేటర్‌లో (ఓటీ) పొట్టిగా ఆర్‌ఐపీసీ అంటారు. దీన్ని చేతిపంపు బీపీ ఆపరేటస్‌తో చేయొచ్చు, ఆపరేషన్‌లో చేతికో కాలికో రక్తం ఆపే టోర్నికే మిషన్‌తో చేయొచ్చు, ఇందుకోసమే తయారైన ఆటోమేటిక్ పరికరంతోనూ చేయొచ్చు. ఏది కొనాలి, అసలు కొనాలా అన్నదే ఇక్కడ ప్రశ్న.

ముందు చేతిపంపు. అన్నిటికంటే చవక, అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేదీ ఇదే. బల్బు దగ్గరి వాల్వ్ ఎంత బిగించినా గాలి సన్నగా జారుతూనే ఉంటుంది. 200 దగ్గర వదిలేసి సిరంజిలోకి మందులు తీసుకుని వచ్చేసరికి ముల్లు 160 దగ్గర ఉంటుంది. పేషెంట్ పై బీపీ 170 అనుకోండి, ఇక అక్కడ జరుగుతున్నది ఇస్కీమియా (రక్తం పూర్తిగా ఆగడం) కాదు. ధమనిలోంచి రక్తం కొద్దికొద్దిగా లోపలికి దూరుతోంది, సిరల దారి మాత్రం మూసుకుపోయింది. చేయి ఉబ్బి నీలం తిరుగుతుంది. సరిగ్గా చేస్తే చేయి పాలిపోవాలి, అదే చేతి వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ అల చదునైపోవాలి, వదిలిన కొద్ది సెకన్లలోనే అరచెయ్యి ఎర్రగా పొంగాలి. ఈ మూడూ కనిపించకపోతే ఆ సైకిల్‌ను లెక్కలో వేయకండి. చేతిపంపే దిక్కయితే పక్కన ఒక మనిషి నిలబడి అరనిమిషానికోసారి ముల్లు చూసి గాలి కొడుతూ ఉండాలి. వదిలేటప్పుడు కూడా సున్నా దాకా దిగిందో లేదో చూడాలి. కఫ్‌లో 20, 30 మిగిలిపోతే సిరల రక్తం సరిగా వెనక్కి పోదు, వదిలినట్టే ఉంటుంది కానీ వదిలినట్టు కాదు.

మానిటర్‌కున్న ఎన్‌ఐబీపీతో, అంటే తనంతట తానే బీపీ కొలిచే కఫ్‌తో, పని కానిచ్చేద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. కుదరదు. కఫ్ రెండు మూడు నిమిషాలకు మించి బిగిసి ఉండకుండా దానికి సేఫ్టీ కటాఫ్ ఉంటుంది, అదే గాలి వదిలేస్తుంది. రక్తం తీయడానికి ఉండే వీనస్ మోడ్ సిరను ఉబ్బిస్తుందే తప్ప ధమనిని మూయదు.

ఆర్థో థియేటర్‌లోని న్యూమాటిక్ టోర్నికే మిషన్‌కే మా ఓటు. పెట్టిన ప్రెషర్‌ను నిలబెడుతుంది, లీకైతే అరుస్తుంది, టైమర్ ఉంటుంది. ఆర్థోవాళ్లు చేతికి పెట్టుకున్న సెట్టింగ్ అలాగే ఉంచేయకుండా 200కో, పై బీపీకి 50 కలిపితే వచ్చే అంకెకో, ఏది ఎక్కువైతే దానికి మార్చాలి. కఫ్ కింద దూది ప్యాడింగ్ ముడతలు లేకుండా చుట్టాలి. బెటడిన్, స్పిరిట్ కిందికి కారి ప్యాడింగ్ తడిస్తే చర్మం కాలినట్టు అవుతుంది. దీనికున్న ఒకే లోపం, ప్రతి 5 నిమిషాలకూ ఎక్కించడం, దించడం మనిషే చేయాలి.

ఆ లోపాన్ని తీర్చేవే ఆటోమేటిక్ పరికరాలు. కెనడాకు చెందిన సెల్ఈజిస్ కంపెనీ చేసిన ఆటోరిక్ వీటిలో పేరున్నది. మీట నొక్కితే 4 సైకిళ్లు తనే పూర్తిచేస్తుంది. చేతులు ఖాళీ లేని అంబులెన్సులో ఇది సుఖం. ఓటీలో మాత్రం 200 దగ్గరే ఆగే ఏ పరికరమైనా 180 బీపీ ఉన్న మనిషికి చాలదు. మత్తు డాక్టరూ టోర్నికే మిషనూ ఎలాగూ ఉన్నచోట ఇంకో డబ్బా కొనడం దండగ.

పరికరం కుదిరినా పని చెడేది చెయ్యి ఎంపికలో. ఆర్టీరియల్ లైన్ (బీపీని ఎప్పటికప్పుడు అలగా చూపే, ధమనిలో పెట్టిన గొట్టం) ఉన్న చేతికి కఫ్ కడితే మత్తిచ్చిన కొత్తలో, బీపీ ఎప్పుడు పడిపోతుందో తెలియని సమయంలో, 5 నిమిషాలు అల కనిపించదు. మందులెక్కించే ఐవీ సూది ఉన్న చేతికి కడితే మందు లోపలికి పోదు, క్యాన్యులాలో రక్తం గడ్డకడుతుంది. గుండె బైపాస్‌లో అతకడానికి రేడియల్ ఆర్టరీ (ముంజేతి ధమని) తీయబోయే చేయి కూడా వద్దు. తొడకు కడదామంటే అక్కడ అదే బైపాస్ కోసం సిర తీసేవాళ్లు కాచుకుని ఉంటారు. డయాలసిస్ ఫిస్టులా (ధమనినీ సిరనూ కలిపిన చోటు) ఉన్న చేతికి, రొమ్ము క్యాన్సర్‌కు చంకలో గడ్డలు తీసిన వైపు చేతికి అసలు కట్టకూడదు.

సమయం కూడా చూసుకోవాలి. 4 సైకిళ్లంటే 40 నిమిషాలు, మత్తిచ్చాక కోత పెట్టే లోపే అయిపోవాలి. మొదటి కాపు వెంటనే మొదలై కొన్ని గంటల్లో తగ్గిపోతుంది, రెండోది 12 నుంచి 24 గంటలకు మొదలై రెండు మూడు రోజులుంటుంది. పొద్దున చేసి కేసు సాయంత్రానికి వాయిదా వేస్తే ఈ రెంటి మధ్య సందులో పడ్డట్టే.

ఇంతకీ ఫలితముందా? 1986లో కుక్కల గుండెల మీద 5 నిమిషాల చొప్పున నాలుగుసార్లు రక్తం ఆపి చూసినప్పుడు, తర్వాత 40 నిమిషాల ఆపుదలకు జరిగిన నష్టం నాలుగో వంతుకు పడిపోయింది. 2007లో లండన్‌లో 57 మంది బైపాస్ పేషెంట్లకు చేతి కఫ్‌తో చేస్తే, గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ 43 శాతం తగ్గింది. ఆశలు ఆకాశానికెక్కాయి. 2015లో బ్రిటన్‌లో 1612 మందితో చేసిన ఎరిక్కా, జర్మనీలో 1403 మందితో చేసిన రిప్‌హార్ట్ అనే రెండు పరిశోధనలు వాటిని కిందికి దించాయి. ఎరిక్కాలో గుండె, రక్తనాళాల జబ్బుతో చావులు, గుండెపోట్లు, పక్షవాతం, మళ్లీ స్టెంటో బైపాసో అవసరం కావడం, అన్నీ కలిపి చూస్తే కఫ్ కట్టినవాళ్లలో 26.5 శాతం, కట్టనివాళ్లలో 27.7 శాతం. తేడా లేనట్టే.

ఇక్కడ అనుమానమంతా నరంలోకి ఎక్కించే మత్తుమందు ప్రొపొఫాల్ మీద. రిప్‌హార్ట్‌లో అందరికీ ప్రొపొఫాల్ మత్తే. ఐసోఫ్లురేన్ అనే గ్యాస్ మత్తు కింద కనిపించిన మేలు ప్రొపొఫాల్ కింద మాయమైందని అంతకుముందే జర్మనీలోని ఎస్సెన్ వాళ్లు చూపించారు. అదే 2015లో ప్రొపొఫాల్ పక్కనపెట్టి, కిడ్నీ ముప్పు ఎక్కువున్న 240 మంది గుండె ఆపరేషన్ పేషెంట్ల మీద 3 సైకిళ్లు చేస్తే కిడ్నీ దెబ్బ 52.5 నుంచి 37.5 శాతానికి తగ్గింది. కాబట్టి దీన్ని వాడదలిస్తే గ్యాస్ మత్తు, ముప్పున్న కిడ్నీలు, టోర్నికే మిషన్, ఈ మూడూ కలిసినచోటే వాడండి. షుగర్‌కు గ్లిబెన్‌క్లమైడ్ వేసుకునేవాళ్లలో అప్పుడు కూడా పెద్దగా ఆశ వద్దు, ఈ కబురు ఏ పొటాషియం చానళ్ల ద్వారా పనిచేస్తుందో ఆ మాత్ర వాటినే మూసేస్తుంది.

పేషెంట్ బంధువులకొక మాట. గుండె రక్షణ ప్యాకేజీ అంటూ బిల్లులో దీనికి విడిగా పద్దు కనిపిస్తే అడగండి. ఇందులో ఖర్చయ్యేది గాలి, అరగంట పైచిలుకు ఓటీ సమయం.